అడవి గీత దాటని నగరం

సభకు నమస్కారం.

ఓస్లో నగరం గురించి మాట్లాడమని గ్రంథాలయ నిర్వాహకులు అడిగినప్పుడు, చూసిన చోట్లన్నీ వరసగా అప్పజెప్పడం వద్దని ముందే నిర్ణయించుకున్నాను. నేను ఉద్యోగ జీవితమంతా మంచినీటి సరఫరా పనిలో గడిపినవాణ్ణి. ఏ ఊరికి వెళ్లినా అక్కడివాళ్లు తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి, వాడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అని ఆరా తీయడం నాకు అలవాటు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఓస్లోలో ఉంటున్నందువల్ల ఒక వేసవిలో రెండు నెలలు, ఆ తరువాత ఒక ఫిబ్రవరిలో మూడు వారాలు అక్కడ ఉండే అవకాశం నాకూ మా ఆవిడకూ కలిగింది. ఆ నగరాన్ని నేను నీటి వెంట నడిచి చూశాను. అడవిలో మొదలుపెట్టి, తాగునీటి సరస్సు ఒడ్డుకు దిగి, అక్కడినుంచి ఏటి గట్టు పట్టుకుని ఊరి మధ్యకు వచ్చి, చివరికి సముద్రంలో ఉన్న ఒక దీవి దాకా వెళ్లాను. ఈ సాయంత్రం మిమ్మల్నీ ఆ దారినే తీసుకువెళతాను.

ముందుగా ఊరి ఉనికి చెప్పాలి. నార్వే దేశపు దక్షిణ భాగంలో సముద్రం ఒక పొడవాటి పాయగా నేలలోకి చొచ్చుకువచ్చింది. ఇలాంటి పాయను అక్కడ ఫ్యోర్డ్ అంటారు. ఆ పాయ చిట్టచివర, దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఓస్లో ఉంది. 1624లో ఊరంతా కాలిపోతే, అప్పటి రాజు నాలుగో క్రిస్టియన్ పక్కనే కొత్త ఊరు కట్టించి దానికి తన పేరు పెట్టాడు. మూడు వందల ఏళ్లు క్రిస్టియానియాగా ఉన్న ఆ నగరం 1925లో మళ్లీ తన పాత పేరు తీసుకుంది. ఇప్పుడక్కడ ఏడు లక్షలకు కాస్త పైగా జనం ఉంటారు. నగరపాలక సంస్థ హద్దుల్లో ఉన్న నేల 454 చదరపు కిలోమీటర్లు. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు అడవి, కొండ, సరస్సు. అంటే ఇళ్లూ రోడ్లూ ఆఫీసులూ అన్నీ మిగిలిన ఒక వంతులోనే సర్దుకున్నాయన్నమాట. నగరాల విస్తీర్ణపు లెక్కలు ఎన్నో చూసిన నాకు ఈ లెక్క మొదట నమ్మశక్యం కాలేదు. పటం తెప్పించుకుని చూశాను.

ఆ పటంలో ఊరి చుట్టూ ఒక గీత ఉంది. గీతకు ఇవతల ఊరు, అవతల అడవి. ఆ అడవిని అక్కడివాళ్లు ముద్దుగా, ఇంట్లోవాళ్లను పిలిచినట్టు, 'మార్కా' అంటారు. ఉత్తరాన ఉన్నది నూర్‌మార్కా, తూర్పున ఉన్నది ఓస్ట్‌మార్కా. 2009లో నార్వే పార్లమెంటు ఈ అడవి కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ఆ గీతను చట్టబద్ధమైన హద్దుగా స్థిరపరిచింది. గీత అవతల, అడవి వైపు, కొత్తగా ఏ నిర్మాణం చేపట్టాలన్నా నిషేధమే మూల సూత్రం, అనుమతి అన్నది మినహాయింపు. ఇంటి అద్దెలు, ఇళ్ల ధరలు ఐరోపాలోనే బాగా ఎక్కువగా ఉన్న నగరాల్లో ఓస్లో ఒకటి. గీత అవతల నేల మీద ఇళ్లు కడితే కొనేవాళ్లకు కొదవ ఉండదు. అయినా గీత నిలిచింది.

ఇది ఒక్కరోజులో జరగలేదు. 1868లో తోమాస్ హెఫ్టీ అనే బ్యాంకరు కొండల్లో తిరగాలనుకునే వారి కోసం నార్వే పర్యాటక సంఘాన్ని స్థాపించాడు. ఊరికి ఎగువన కొండ మీద ఉన్న తన విడిది చుట్టుపక్కలకు జనం రావడానికి బాటలు వేయించాడు. ఆయన తరువాత 1889లో నగరపాలక సంస్థ ఆ ఎస్టేటును కొన్నది. తాగునీటికి ఆధారమైన అడవులను కొనుగోలు చేయడం ఆ కాలం నుంచీ నగరానికి ఒక విధానంగా మారింది. 1946లో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, నూర్‌మార్కా గుండా పెద్ద కరెంటు లైను వేయాలని ప్రతిపాదన వస్తే వేలాది మంది రోడ్డెక్కారు. ఐదేళ్ల జర్మన్ ఆక్రమణ నుంచి అప్పుడే బయటపడి, తిండికీ బట్టకూ రేషన్ నడుస్తున్న రోజుల్లో ఒక అడవి కోసం అంతమంది ఊరేగింపుగా కదలడం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

మరొక విశేషం కూడా ఇక్కడే చెప్పాలి. నూర్‌మార్కాలో చాలా భాగం ప్రభుత్వానిది కాదు, నగరానిదీ కాదు. లోవెన్‌షోల్ అనే ఒక పాత భూస్వామ్య కుటుంబానిది. వాళ్లు ఇప్పటికీ అక్కడ కలప నరికి అమ్ముకుంటారు. అయినా ఆ అడవిలోకి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, టికెట్టు లేదు, గేటు లేదు. ఎందుకంటే నార్వేలో 'అల్లెమాన్స్‌రెత్తెన్' అనే హక్కు ఉంది. సాగులో లేని నేల మీద, అది ఎవరి సొంతమైనా సరే, కాలినడకన తిరిగే హక్కు ప్రతి మనిషికీ ఉందని దాని అర్థం. తరతరాలుగా ఆచారంగా ఉన్న ఈ మాటను 1957లో చట్టంగా రాసుకున్నారు. పౌరులకే అని అందులో లేదు. నాలాగా వీసా మీద వెళ్లినవాడికీ ఆ హక్కు ఉంటుంది. అడవిలో కాసిన బ్లూబెర్రీలు కోసుకోవచ్చు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. మనుషులుంటున్న ఇంటికి 150 మీటర్ల దూరం పాటిస్తే గుడారం వేసుకుని రెండు రోజులు ఉండవచ్చు. హక్కుతోపాటు కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు అడవిలో గానీ అడవి దగ్గర గానీ నిప్పు రాజేయకూడదు. పంట ఉన్న పొలంలో కాలు పెట్టకూడదు. తెచ్చుకున్న చెత్త తిరిగి తీసుకుపోవాలి.

ఇక ప్రయాణం మొదలుపెడదాం. ఓస్లోలో అడవికి వెళ్లాలంటే కారు అవసరం లేదు, బస్సు మారనక్కరలేదు. నగర మధ్యంలో, పార్లమెంటు భవనం కింద ఉన్న మెట్రో స్టేషన్లో 1వ నంబరు రైలు ఎక్కితే చాలు. 1898లో హోల్మెన్‌కోలెన్ కొండ దాకా వేసిన ఈ లైనును 1916లో ఇంకా పైకి, ఫ్రోగ్నెర్‌సేటెరెన్ దాకా పొడిగించారు. నేను చెప్పిన హెఫ్టీగారి విడిది ఉన్న చోటు అదే. ఆదివారం పొద్దున ఎక్కితే బోగీ నిండా పిల్లా పెద్దా, వీపున సంచులు, కాళ్లకు బూట్లు. రైలు సొరంగంలోంచి బయటికి వచ్చాక ఇళ్ల పెరళ్ల పక్కనుంచి మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. కుడి వైపు కిటికీలోంచి, ఎడమ వైపు కిటికీలోంచి మార్చి మార్చి సముద్రం కిందికి దిగిపోతూ కనిపిస్తుంది. అరగంటకు పైగా ప్రయాణించి చివరి స్టేషన్లో దిగితే, సముద్రమట్టానికి 469 మీటర్ల ఎత్తున, ప్లాట్‌ఫారం అంచు నుంచే స్ప్రూస్ చెట్లు మొదలవుతాయి. ఈ మాట అలంకారం కోసం అనడం లేదు. రైలు దిగి పది అడుగులు వేస్తే నిజంగానే అడవిలో ఉంటాం.

దారి తప్పే భయం అక్కరలేదు. చెట్ల మొదళ్ల మీద రంగు పూసి ఉంటుంది. నీలం గుర్తు వేసవిలో నడిచే బాట, ఎరుపు గుర్తు శీతకాలంలో స్కీలు, అంటే కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు, వేసుకుని మంచు మీద జారే బాట. ఒక్కొక్క కూడలిలో చెక్క పలకల మీద ఊళ్ల పేర్లూ కిలోమీటర్లూ రాసి ఉంటాయి. ఈ బాటలకు ఏటేటా రంగు వేసి, పడిపోయిన చెట్లు తీసి, బురదలో చెక్క వంతెనలు పరిచేది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. స్కీ బాటలను చూసే సంఘం 1883లోనే పుట్టింది.

అడవిలో మొదటి గంట నాకు గుర్తుండిపోయింది. పైన పైన్ చెట్లు, స్ప్రూస్ చెట్లు, మధ్యలో తెల్లటి బెరడుతో బర్చ్ చెట్లు, కింద మోకాలి ఎత్తున బ్లూబెర్రీ పొదలు. నేల మీద అడుగు వేస్తే పరుపు మీద వేసినట్టు దిగుతుంది. అంతా నాచు. ఆ నాచు, దాని కింద నల్లటి మట్టి, మధ్య మధ్య చిత్తడి నేలలు, ఇవన్నీ కలిసి వాన నీటినీ కరిగిన మంచునూ పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతాయి. మా వృత్తిలో పరీవాహక ప్రాంతం అనే మాటను ఎన్ని వేల సార్లు కాగితం మీద రాసి ఉంటానో. ఆ మాటకు ఇంత మెత్తగా, ఇంత చల్లగా పాదాలకు తగిలే రూపం ఉంటుందని ఆ రోజు తెలిసింది.

ఫ్రోగ్నెర్‌సేటెరెన్ నుంచి ఉత్తరంగా నడుస్తూ పోతే ఉల్లెవోల్‌సేటెర్ అనే చోటు వస్తుంది. అడవి నడుమ పశువులను మేపుకునేవారి పాత మకాం, ఇప్పుడు నడిచేవారికి విశ్రాంతి గృహం. టీ కాఫీలు, పెనం మీద కాల్చిన వాఫిల్ రొట్టెలు దొరుకుతాయి. కానీ చాలామంది కొనుక్కుని తినరు. బయట బల్లల మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న మూట విప్పుతారు. రొట్టె ముక్కల మధ్య కాస్త తియ్యగా ఉండే గోధుమరంగు జున్ను పెట్టి, పలుచని కాగితంలో చుట్టి తెచ్చుకుంటారు. దానికి వాళ్ల భాషలో 'మాట్‌పాకె' అని పేరు. మన చద్దిమూటే. బడికి వెళ్లే పిల్లవాడి నుంచి పెద్ద పెద్ద ఆఫీసర్ల వరకు ఆ దేశంలో మధ్యాహ్నం అందరిదీ అదే భోజనం. తోడుగా ఒక నారింజ పండు, 1937 నుంచి వస్తున్న 'క్విక్ లున్ష్' అనే చాక్లెట్టు. మా ఆవిడ పులిహోర కట్టి తెచ్చింది. పక్క బల్ల మీది పెద్దావిడ అదేమిటని అడిగి, ఒక చెంచాడు రుచి చూసి, తన చాక్లెట్టులో సగం విరిచి మా చేతిలో పెట్టింది.

ఈ తిరుగుడును వాళ్లు 'ఫ్రీలుఫ్త్స్‌లివ్' అంటారు. ఆరుబయలు బతుకు అని చెప్పుకోవచ్చు. నాటక రచయిత ఇబ్సెన్ 1859లో రాసిన ఒక కవితలో ఈ పదం అచ్చులో కనిపించింది. ఇప్పుడది బడిలో, ఆఫీసులో, ఇంట్లో అందరి నోటా వినిపించే మాట. శిశు విహారాల పిల్లలు, మూడేళ్ల వాళ్లూ నాలుగేళ్ల వాళ్లూ, వాన పడుతుంటే కూడా పసుపు రంగు రెయిన్‌కోట్లు వేసుకుని ఒకరి వెనక ఒకరు అడవి బాటలో నడుస్తూ ఎదురుపడ్డారు. నాకు జలుబు చేస్తుందేమోనని మా అమ్మాయి బెంగపడుతుంటే వాళ్లు గుంటల్లో నీళ్లు చిమ్ముతూ పోయారు. చెడ్డ వాతావరణం అంటూ ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయని అక్కడ ఒక సామెత. ఆ దేశంలో ఉండాలంటే ముందు దాన్ని నమ్మాలి.

ఫిబ్రవరిలో ఆ సామెతకు పరీక్ష జరిగింది. డిసెంబర్ చివర అక్కడ పగలు 6 గంటలకు లోపే ఉంటుంది. జూన్ చివర దాదాపు 19 గంటలు. ఫిబ్రవరి నాటికి పగలు కొంచెం పెరిగినా, సాయంత్రం 5 గంటలకే చీకటి. అప్పుడు అదే మెట్రోలో జనం స్కీలు నిలువుగా పట్టుకుని, నుదుటికి దీపం కట్టుకుని, పని ముగించుకుని నేరుగా కొండకు బయలుదేరారు. అడవిలో కొన్ని బాటల పొడవునా దీపస్తంభాలు ఉంటాయి. మంచు మీద ఆ వెలుతురు పడి, చెట్ల మధ్య నుంచి మనుషులు చప్పుడు లేకుండా జారుతూ వచ్చి జారుతూ వెళ్లిపోతారు. ఫ్రోగ్నెర్‌సేటెరెన్ నుంచి కిందికి రెండు కిలోమీటర్ల పొడవున మెలికల జారుడు దారి ఒకటి ఉంది. పిల్లలు చెక్కబండి మీద కూర్చుని కిందికి జారి, కింది స్టేషన్లో రైలెక్కి మళ్లీ పైకి వచ్చి మళ్లీ జారతారు. మెట్రో రైలును కొండెక్కే ఊయలగా వాడుకునే పిల్లలను నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ కొండ మీదే స్కీల మీద జారుతూ వచ్చి గాలిలోకి దూకే పోటీల కోసం కట్టిన హోల్మెన్‌కోలెన్ కట్టడం ఉంది. 1892 నుంచి అక్కడ పోటీలు జరుగుతున్నాయి, 1952 శీతకాల ఒలింపిక్స్ ఈ ఊళ్లోనే జరిగాయి. ఇప్పుడున్న ఉక్కు కట్టడం 2010లో కట్టినది. దాని మీదినుంచి ఊరంతా కనిపిస్తుంది గనుక పర్యాటకులందరూ వెళతారు. వెళ్లండి, కానీ దానితో ఆగిపోకండి.

ఉల్లెవోల్‌సేటెర్ నుంచి దక్షిణంగా దిగితే సోంగ్న్స్‌వాన్ సరస్సు వస్తుంది. చుట్టుకొలత 3 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అక్కడ ఈదవచ్చు, చలికాలంలో గడ్డకట్టాక దాని మీద నడవవచ్చు. మెట్రో 5వ నంబరు దాని ఒడ్డు దగ్గరికే వస్తుంది. నడక అలవాటు లేనివారు, చిన్న పిల్లలున్నవారు అక్కడికి వెళితే చాలు. నేను మాత్రం తూర్పు వైపు దిగే బాట పట్టాను. నాకు కావలసిన నీళ్లు అటు ఉన్నాయి.

ఆ దారి షేర్‌షోయెన్ అనే సరస్సు ఆనకట్ట పక్కనుంచి దిగి హామ్మెరెన్ అనే చోటికి చేరుతుంది. అక్కడ 1900లో కట్టిన చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఎగువ సరస్సుల నీరు ఆ కొండ వాలున దిగుతూ కరెంటు ఇచ్చి, ఆ వెంటనే మారిదాల్స్‌వాన్నె సరస్సులో కలుస్తుంది. ఓస్లో తాగే నీళ్లలో సుమారు 90 శాతం ఈ ఒక్క సరస్సు నుంచే వెళతాయి. విస్తీర్ణం నాలుగు చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఒడ్డున 13వ శతాబ్దపు రాతి చర్చి శిథిలం, కొన్ని పొలాలు, కొన్ని గుర్రాలు. అద్దంలాంటి నీళ్లు. నేను వెళ్లిన రోజు ఎండ మండుతోంది, ఒక్కరూ నీళ్లలో లేరు. ఈత నిషేధం, పడవలు నిషేధం. బోర్డు మీద రెండు మూడు వాక్యాల్లో కారణం రాసి ఉంది. కాపలాదారు కూడా కనిపించలేదు. ఏడు లక్షల మంది తాగే నీళ్ల పక్కన, కంచె లేని ఒడ్డున, నేను అరగంట కూర్చున్నాను.

నేను గండిపేట నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920 నుంచి హైదరాబాదుకు నీళ్లిచ్చింది. దాని చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో 111వ జీవో వచ్చినప్పుడు మా శాఖలో మేమంతా సంతోషించాం. ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు 2022లో 69వ జీవో వచ్చింది. మారిదాల్స్‌వాన్నె ఒడ్డున కూర్చున్నప్పుడు నా మనసులో ఉన్నది గండిపేటే. ఈ సభలో ఈ విషయం ఇంతకంటే వివరించను. ఇది వేరే రోజు, వేరే సభలో, పూర్తిగా మాట్లాడవలసిన సంగతి.

అయితే ఓస్లో ఇంజనీర్లు నిశ్చింతగా లేరు. ఒకే సరస్సు మీద ఊరంతా ఆధారపడటం ప్రమాదమని వాళ్లకు తెలుసు. అందుకే పడమట ఉన్న హోల్స్‌ఫ్యోర్డ్ అనే లోతైన సరస్సు నుంచి కొండల కింద సొరంగాలు తొలిచి రెండో నీటి దారి ఏర్పాటు చేసుకుంటున్నారు. 2028 నాటికి అది సిద్ధం కావాలని లక్ష్యం. మొదటి సరస్సు శుభ్రంగా, నిండుగా ఉన్న కాలంలోనే రెండో దాని కోసం ఖర్చుపెట్టడం చూసి, వృత్తిపరంగా నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది.

మారిదాల్స్‌వాన్నె దక్షిణపు కొసన మిగులు నీరు ఆనకట్ట దాటి ఏరుగా మొదలవుతుంది. పేరు ఆకెర్‌సెల్వా. అక్కడినుంచి సముద్రం దాకా 8 కిలోమీటర్లకు కొంచెం పైన. ఆ పొడవులో ఏరు దాదాపు 150 మీటర్లు కిందికి దిగుతుంది కాబట్టి అడుగడుగునా జలపాతాలు. మీరు ఓస్లోలో ఒకే ఒక రోజు ఉంటే, అన్ని మ్యూజియాలూ వదిలేసి ఈ ఏటి గట్టున పైనుంచి కిందికి నడవమని చెబుతాను. మూడు గంటలు పడుతుంది, దారంతా దిగుడే కనుక నడక అలవాటు లేనివారు కూడా నెమ్మదిగా నడవగలరు.

నార్వే పారిశ్రామిక యుగం ఈ ఏటి గట్టునే పుట్టింది. జలపాతం ఉన్న ప్రతిచోటా ఒక చక్రం తిరిగేది. మొదట రంపపు మిల్లులు, పిండి మిల్లులు, ఆ తరువాత 1840ల నుంచి నూలు మిల్లులు, నేత మిల్లులు, తెరచాప గుడ్డ మిల్లు, మేకులు చేసే ఇనుప కర్మాగారం. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆ మిల్లుల్లో పనిచేశారు. బేయర్ వంతెన మీద ఆ మిల్లు అమ్మాయిల కంచు విగ్రహాలున్నాయి. రాజుల విగ్రహాలు, సేనానుల విగ్రహాలు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. మగ్గం దగ్గర నిలబడి ఊరిని నిలబెట్టిన పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకు నీటి మీద విగ్రహం ఉండటం చూసి మా ఆవిడ వంతెన దాటకుండా చాలాసేపు అక్కడే ఆగిపోయింది. ఆ మిల్లుల రంగులూ మురికీ అన్నీ ఏట్లోకే వదిలారు. 20వ శతాబ్దంలో సగానికి పైగా కాలం ఆకెర్‌సెల్వా ఒక మురుగు కాలువ.

మిల్లులు మూతపడ్డాక ఆ ఏటిని పూడ్చి మీద రోడ్డు వేయడం సులువైన పనే. కొన్ని వాగులను ఓస్లో అలాగే గొట్టాల్లోకి పంపి పాతిపెట్టింది కూడా. ఈ ఏటిని మాత్రం నిలుపుకున్నారు. మురుగు గొట్టాలను వేరు చేశారు, గట్టు పొడవునా నడక బాట వేశారు, మిల్లు భవనాలను కూల్చకుండా ఆఫీసులుగా, కళాశాలలుగా, అంగళ్లుగా మార్చారు. పాత ధాన్యపు గాదె ఒకటి ఇప్పుడు విద్యార్థుల వసతి గృహం. గుండ్రటి గదుల్లో పిల్లలు ఉంటున్నారు. దిగువ జలపాతం వరకు సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురెక్కి వస్తాయి. 2011లో నీటిశుద్ధి కేంద్రం నుంచి క్లోరిన్ ద్రావణం పొరపాటున వేల లీటర్లు ఏట్లోకి కారిపోయి చేపలన్నీ చచ్చిపోయాయి. ఏరు మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. నీటి పనిలో ఉన్నవారికి ఇది గుండె ఝల్లుమనే సంగతి. నా వృత్తిలో ఒక వాల్వు విలువ ఎంతో నాకు తెలుసు. ఆ పాత వాగులను కూడా ఇప్పుడు ఒక్కొక్కటిగా గొట్టాల్లోంచి తవ్వి బయటికి తీస్తున్నారు. తూర్పు ఓస్లోలో హోవిన్ వాగును అలా తెరిచి 2015లో ఒక చెరువు చేశారు. చుట్టూ అపార్టుమెంట్లు, మధ్యలో రెల్లు, బాతులు.

ఏరు ఊరి మధ్యకు వచ్చాక రైల్వే స్టేషను ప్రాంతంలో కొంత దూరం భూమి కిందినుంచి పోయి, బ్యోర్‌వికా అనే చోట సముద్రంలో కలుస్తుంది. కొన్నేళ్ల క్రితం వరకు అక్కడ ఓడల కంటెయినర్లు, హైవే. ఊరికీ సముద్రానికీ మధ్య ఆ హైవే గోడలాగా ఉండేది. దాన్ని 2010లో సముద్రపు అడుగున వేసిన సొరంగంలోకి దించారు. ఇప్పుడు అక్కడ మూడు భవనాలున్నాయి. 2008లో తెరిచిన ఆపెరా హౌస్ తెల్లటి పాలరాతి కప్పు నీటి అంచు నుంచే వాలుగా పైకి లేస్తుంది, దాని మీద ఎవరైనా నడవవచ్చు. 2021లో తెరిచిన ముంక్ మ్యూజియంలో చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ నగరానికి రాసిచ్చిన చిత్రాలున్నాయి. మూడోది 2020లో తెరిచిన నగర గ్రంథాలయం. మనం గ్రంథాలయంలోనే కూర్చున్నాం కనుక దీని గురించి కాస్త ఆగి చెబుతాను.

ఆ గ్రంథాలయం పై అంతస్తులో ఒక చిన్న చెక్క గది ఉంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. గోడలన్నీ నూర్‌మార్కాలో కొట్టిన చెట్ల చెక్కతో, ఆ చెట్టు లోపలి వలయాల్లాగా పొరలు పొరలుగా చేసినవి. ఆ పొరల మధ్య గాజు సొరుగులు. ఒక్కొక్క సొరుగులో ఒక్కొక్క రచయిత రాసి ఇచ్చిన రచన ప్రతి. కేటీ పేటర్సన్ అనే స్కాట్లాండ్ కళాకారిణి 2014లో నూర్‌మార్కాలో వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటించింది. నూరేళ్ల పాటు ఏడాదికొక రచయిత ఒక రచన ఇస్తారు. వాటిని ఎవరూ చదవకూడదు. 2114లో ఆ చెట్లను కొట్టి కాగితం చేసి, ఆ కాగితం మీద ఆ నూరు పుస్తకాలూ అచ్చు వేస్తారు. మొదటి రచన ఇచ్చినవారు మార్గరెట్ ఆట్‌వుడ్. తరువాతివారిలో 2024 నోబెల్ బహుమతి పొందిన కొరియా రచయిత్రి హాన్ కాంగ్ ఉన్నారు. ఆ మొక్కలున్న చోటికి ఫ్రోగ్నెర్‌సేటెరెన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లి చూశాను. నా నడుము ఎత్తు మొక్కలు కొన్ని, నా తల దాటినవి కొన్ని, మధ్య మధ్య వేరే పొదలు. ప్రత్యేకంగా చూడటానికి ఏమీ లేదు. నూరేళ్ల వరకు ఆ చోట ఎవరూ ఇళ్లు కట్టరనే నమ్మకం మీద అక్కడ మొక్కలు నాటారు. అంతకంటే గట్టి భూమి పత్రం నేను చూడలేదు.

ఇక సముద్రం. నేను ఇంతవరకు చెప్పినదంతా విని అక్కడ అంతా బాగానే ఉందనుకుంటే అది నా తప్పవుతుంది. ఓస్లో ఫ్యోర్డ్ ఆరోగ్యం బాగా లేదు. 1970ల నాటి మురుగు సమస్యను పెద్ద శుద్ధి కేంద్రాలు కట్టి చాలావరకు అదుపు చేశారు. ఊరి మధ్యలోనే, ఆపెరా హౌస్ పక్కనే, వేసవిలో జనం ఈదుతారు. చలికాలంలో తేలే చెక్క గదుల్లో ఆవిరి స్నానం చేసి గడ్డకట్టే నీళ్లలో దూకుతారు. కంటికి నీళ్లు శుభ్రమే. కానీ పొలాల ఎరువుల నుంచి, మురుగు నీటి నుంచి నత్రజని ఎక్కువై అడుగున జీవం తగ్గిపోతోంది. కాడ్ చేపలు బాగా తగ్గిపోయి, 2019 నుంచి వాటిని పట్టడం నిషేధించారు. తాతల నాటి నుంచి ఆ చేపనే పట్టి తిన్న కుటుంబాలకు ఇది చిన్న బాధ కాదు. అడవికి గీత గీయగలిగారు. ఈ నీళ్లలోకి నూటికి పైగా ఊళ్ల నుంచి వచ్చి కలిసే వాటికి గీత గీయడం ఇంకా వాళ్లకు సాధ్యం కాలేదు. నీటి మనిషిగా నేను చెప్పగలిగింది ఒకటే, మురుగులోంచి నత్రజని తీయడం సాంకేతికంగా తెలిసిన పనే, డబ్బుతో కూడిన పని.

నగర మందిరం ఎదుటి రేవు నుంచి దీవులకు పడవలు వెళతాయి. మొదటి దీవి హూవెదోయా, పది నిమిషాల లోపే. 1147లో ఇంగ్లాండు నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులు అక్కడ మఠం కట్టారు. 1532లో అది కాలిపోయింది, మొండి గోడలు మిగిలాయి. గోడల చుట్టూ గడ్డి, గడ్డిలో ఎన్నో రకాల అడవి పూలు. ఇంకొంత దూరాన లాంగోయెనె అనే దీవి ఉంది. ఒకప్పుడు రెండు దీవులు. మధ్యలో నగరం తన చెత్త పోసి పోసి ఒకటి చేసింది. ఇప్పుడు శుభ్రం చేసి, ఇసుక పరిచి, గుడారాలు వేసుకునే చోటుగా ఇచ్చారు. నేను హూవెదోయాలోనే ఆగాను. మఠం గోడ మీద కూర్చుంటే ఎదురుగా ఊరంతా ఒక పిడికెడు. దాని వెనక, ఎడమ నుంచి కుడి దాకా, నల్లటి పచ్చదనంతో అడవి గీత. రాత్రి పదిన్నర దాటింది, సూర్యుడు ఇంకా పూర్తిగా మునగలేదు. పొద్దున ఆ గీత అవతల నాచు మీద నడిచాను. ఆ నాచు వదిలిన నీళ్లే ఇప్పుడు నా కాళ్ల కింద ఉప్పు నీళ్లలో కలుస్తున్నాయి.

చివరి పడవ ఎక్కేటప్పుడు జేబులోంచి టికెట్టు తీశాను. పొద్దున కొండెక్కిన మెట్రోకు కొన్నదే, 24 గంటల టికెట్టు. మెట్రో, బస్సు, ట్రాము, పడవ, అన్నిటికీ అదే చెల్లుతుంది. ఇంకా పది గంటల గడువు మిగిలి ఉంది. మరునాడు పొద్దున్నే మళ్లీ 1వ నంబరు రైలెక్కాం.

మీలో వెళ్లాలనుకునేవారు జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరి వరకు ఎప్పుడైనా వెళ్లవచ్చు. బ్లూబెర్రీలు కావాలంటే ఆగస్టు. ఇక మీరు అడగదలచుకున్నవి అడగండి.